రేషన్ డీలర్‌షిప్ రద్దు: జేసీ (జాయింట్ కలెక్టర్) దగ్గర అప్పీలా, నేరుగా హైకోర్టులో రిట్టా?

పెన్నా గట్టు అనే మారుపేరుతో ఒకరు అడిగిన ప్రశ్న (కింద జవాబులిచ్చిన వారివీ మారుపేర్లే)

నెల్లూరు జిల్లాలో ఒక పల్లెలోని చౌకధరల దుకాణం సంగతి ఇది. సీఎస్‌డీటీ (పౌరసరఫరాల డిప్యూటీ తహసీల్దారు) తనిఖీకి వచ్చి, పంచనామా రాసి, డీలరు స్టేట్‌మెంట్ తీసుకున్నారు. పంచనామాలో లెక్క ఇలా ఉంది: ఓపెనింగ్ బ్యాలెన్స్ 2.15 క్వింటాళ్లు, ఎంఎల్ఎస్ పాయింట్ (మండల స్థాయి సరుకు గోదాము) నుంచి వచ్చింది 62 క్వింటాళ్లు, ఈ-పాస్ (వేలిముద్ర) మెషిన్ ప్రకారం అమ్మింది 31.40, ఉండాల్సింది 32.75. దొరికింది 58 నిండు బస్తాలు, విప్పిన బస్తాలో 35 కిలోలు, అంటే 29.35. తేడా 3.40 క్వింటాళ్లు.

ఆర్డీఓ ఆఫీసు నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. అందులో ఒకే ఆరోపణ, స్టాకు తేడా. డీలరు గడువులోపలే జవాబిచ్చాడు. ఎంఎల్ఎస్ పాయింట్లో గోనె సంచితో కలిపి తూచి ఇస్తున్నారు కాబట్టి తరుగు వచ్చిందని రాశాడు. తర్వాత వచ్చిన రద్దు ఉత్తర్వులో మాత్రం మూడు కారణాలు ఉన్నాయి: స్టాకు తేడా, కార్డుదారులు ఇద్దరి ఫిర్యాదు, దుకాణం వేళకు తెరవకపోవడం. ఫిర్యాదులు గానీ, తహసీల్దారు రిపోర్టు గానీ డీలరుకు ఇవ్వలేదు. సంజాయిషీ గురించి రాసింది ఒక్క వాక్యం, "పరిశీలించడమైనది, సంతృప్తికరంగా లేదు" అని. చివర్లో "జిల్లా అధికారుల ఆదేశాల మేరకు" అనే మాట కూడా ఉంది.

జేసీ దగ్గర అప్పీలు వేయాలని కొందరు, హైకోర్టులో రిట్ (అధికారి ఉత్తర్వు చెల్లదని వేసే పిటిషన్) వేస్తే నేరుగా స్టే వస్తుందని కొందరు అంటున్నారు. ఏది సరి? అసలు హైకోర్టు ఈ కేసులో ఏం చూస్తుంది, ఏం చూడదు?

ఒంగోలు బార్

ముందు ఒక అపోహ తీసేద్దాం. అప్పీలు ఉంటే రిట్ "నడవదు" అనడం తప్పు. రాజ్యాంగంలోని అధికరణం 226 కింద రిట్ ఎప్పుడూ నడుస్తుంది. అయితే కోర్టు దాన్ని వినడానికి ఒప్పుకోకపోవచ్చు. ఈ రెండింటికీ తేడా ఉందని సుప్రీంకోర్టు 2023లో గోద్రెజ్ సారా లీ కేసులో మళ్లీ చెప్పింది. ముందు అప్పీలుకు పొమ్మనడం కోర్టు తన విచక్షణతో పెట్టుకున్న క్రమశిక్షణే గానీ చట్టం కట్టిన గోడ కాదని 1957లోనే మహమ్మద్ నూహ్ కేసులో అన్నారు. 1998 నాటి వర్ల్‌పూల్ తీర్పు నాలుగు తలుపులు తెరిచి ఉంచింది: ప్రాథమిక హక్కు అమలు కోరినప్పుడు, సహజ న్యాయ సూత్రాలు (చెప్పుకునే అవకాశం ఇవ్వడం లాంటివి) ఉల్లంఘించినప్పుడు, అధికారం లేని వాడు ఉత్తర్వు ఇచ్చినప్పుడు, చట్టం చెల్లుబాటునే ప్రశ్నించినప్పుడు. మీరు రాసిన దాన్ని బట్టి రెండో తలుపు బాగా తెరుచుకుంటుంది.

అందులోనూ బలమైన పాయింటు ఏదంటే, నోటీసులో లేని ఆరోపణల మీద రద్దు చేయడం. సంజాయిషీ అడగని విషయానికి మనిషి జవాబెట్లా చెబుతాడు? ఫిర్యాదులు, తహసీల్దారు రిపోర్టు ఇవ్వకుండా వాటిని ఆధారం చేసుకోవడం దీనికి తోడు. తర్వాతే "సంతృప్తికరంగా లేదు" అనే ఒంటి వాక్యం. ఎందుకు లేదో చెప్పకపోతే అది కారణం కాదు, ముగింపు మాత్రమే. 2010లో క్రాంతి అసోసియేట్స్ తీర్పు కారణాలు రాయడం గురించి పాయింటు పాయింటుగా చెప్పింది, అఫిడవిట్‌లో ఆ ఒక్కటి ఉదహరిస్తే చాలు. పది తీర్పులు గుప్పించే అలవాటు మన వాళ్లకు ఎక్కువ. అడ్మిషన్ రోజు (రిట్ తీసుకోవాలా వద్దా అని మొదట చూసే రోజు) జడ్జి చదివేది ఉత్తర్వూ, నోటీసూ, వాటి మధ్య తేడా. ఆ రెండూ పక్కపక్కన పేజీల్లో పెట్టండి.

ఇక "జిల్లా అధికారుల ఆదేశాల మేరకు" అనే మాట. చాలామంది దీన్ని దాటేసి పోతారు. చట్టం ఆర్డీఓకి ఇచ్చిన అధికారాన్ని ఆర్డీఓనే, తన బుర్రతో, వాడాలి. పైవాళ్లు చెప్పారని చేస్తే అది ఆర్డీఓ ఉత్తర్వే కాదు. 1951లో గోర్ధన్‌దాస్ భాంజీ కేసు ఇదే. బొంబాయిలో అంధేరీ దగ్గర సినిమా హాలుకు ఇచ్చిన అనుమతిని పోలీస్ కమిషనర్ ప్రభుత్వం చెప్పిందని రద్దు చేశారు. అది చెల్లదన్నారు. పైగా ఇక్కడ ఇంకో చిక్కుంది. ఆ "జిల్లా అధికారులు" జేసీయే అయితే, చెప్పి చేయించిన వాళ్ల దగ్గరికే అప్పీలుకు పొమ్మన్నట్లవుతుంది. అప్పీలుకు పోకుండా నేరుగా ఎందుకు వచ్చావని జడ్జి అడిగితే మీ మొదటి జవాబు ఇదే కావాలి. అయితే ఆ ఆదేశం కాగితం చేతిలో లేకుండా జేసీ పేరు రాయొద్దు.

అప్పీల్లో మళ్లీ వింటారు కదా, ఆ లోపం అక్కడ సరిపోతుంది కదా అని ప్రభుత్వ ప్లీడరు అనొచ్చు. మొదటి దశలో వినకపోవడాన్ని రెండో దశలో వినడం పూడ్చలేదని 1986లో ఎల్.కె. రత్న కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

డ్రాఫ్టింగ్ సంగతులు కొన్ని. మన హైకోర్టు ఆనవాయితీలో ప్రార్థన "మాండమస్ రూపంలో, ఫలానా ఉత్తర్వు చట్టవిరుద్ధమని ప్రకటించి రద్దు చేయాలి" అని ఉంటుంది. మాండమస్ అంటే అధికారిని పని చేయమని ఆదేశించే రిట్; ఉత్తర్వును కొట్టేసేది పుస్తకం ప్రకారం సెర్షియోరరీ. దాని మీద ఎవరూ తగాదా పెట్టుకోరు. ప్రతివాదులుగా పౌరసరఫరాల ప్రిన్సిపల్ సెక్రటరీ, కలెక్టరు, జేసీ, ఆర్డీఓ, తహసీల్దారు, అందరినీ పదవి పేరుతో చేర్చండి. ఎవరి మీదైనా కక్ష ఆరోపిస్తే మాత్రం వారిని సొంత పేరుతో కూడా చేర్చాలి. అట్లా చేయకుండా కక్ష అని రాస్తే ఆ పేరా దండగ. తెలుగులో ఉన్న పంచనామా, స్టేట్‌మెంట్, ఉత్తర్వులకు ఇంగ్లీషు తర్జుమా జత చేయండి. లేకపోతే స్క్రూటినీలో (కోర్టు ఆఫీసు కాగితాల పరిశీలనలో) వెనక్కి వస్తుంది, వారం పోతుంది. మసక జిరాక్సులదీ అదే గతి.

మధ్యంతర ప్రార్థన రెండు మెట్లుగా రాయండి. మొదటిది రద్దు ఉత్తర్వు సస్పెండ్ చేయమని. అది ఇవ్వకపోతే కనీసం రిట్ తేలేదాకా ఆ దుకాణానికి శాశ్వత డీలరును వేయొద్దని. రెండోది అడగడం మర్చిపోయి, కేసు గెలిచేసరికి కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉండటం మామూలే.

పాత దఫ్తరం

పై సోదరుడు కోర్టు వైపు చెప్పారు. రెవెన్యూ ఆఫీసు వైపు నుంచి నాలుగు మాటలు.

ముందు లెక్క. 62 క్వింటాళ్లంటే 50 కిలోల బస్తాలు 124. జనపనార గోనె బరువు ప్రమాణం ప్రకారం 580 గ్రాములు. 124ను 0.58తో హెచ్చిస్తే దాదాపు 72 కిలోలు. అంటే సంచుల తరుగు మొత్తం ఒప్పుకున్నా 0.72 క్వింటాలే పోతుంది. 3.40లో ఇంకా 2.68 మిగిలే ఉంది. డీలరు సంజాయిషీ అయిదో వంతుకే జవాబు చెబుతోంది. ఇది మీకు తెలిసి ఉండటం మంచిది, ఎందుకంటే కౌంటర్ అఫిడవిట్‌లో (ప్రభుత్వం వేసే జవాబులో) మొదట కనిపించేది ఇదే.

మిగతాది ఎక్కడ పోయి ఉండొచ్చు? నెట్‌వర్క్ లేని రోజు వేలిముద్ర పడకపోయినా సరుకు ఇచ్చి, తర్వాత మెషిన్లో ఎక్కించుకుందామని అనుకుంటారు. అది తనిఖీ రోజుకు ఎక్కకపోతే మెషిన్ ప్రకారం అమ్మకం తక్కువ, దుకాణంలో సరుకూ తక్కువ. ఇదే జరిగి ఉంటే ఏ కార్డుకు ఎన్ని కిలోలో జాబితా, ఆ కార్డుదారుల సంతకాలు, ఆ తేదీల్లో మెషిన్ ఫెయిలైన లావాదేవీల ప్రింటు కావాలి. వేలిముద్ర లేకుండా ఇవ్వడం కూడా తప్పే. కాకపోతే బియ్యం దారి మళ్లించడం కాదు. శిక్ష తేల్చేటప్పుడు ఆ తేడా లెక్కలోకి వస్తుంది.

పంచనామాలో ఇంకోటి గమనించారా? 58ని 50తో హెచ్చించి 35 కలిపితే సరిగ్గా 2,935 కిలోలు. అంటే బస్తాలు లెక్కపెట్టారు, తూచలేదు. "తూచి చూడగా" అని రాసి ఉంటే అది అబద్ధమని తేల్చేదానికి ఇది చాలు. కానీ ఈ వాదన ఎత్తేముందు బాగా ఆలోచించండి. నిజంగా తూస్తే బస్తాకు 50 కంటే తక్కువే వచ్చేదేమో! అప్పుడు తేడా పెరుగుతుంది గానీ తగ్గదు. రెండు వైపులా పదునున్న కత్తి.

అన్నిటికంటే ముందు తనిఖీ రోజు డీలరు సంతకం చేసిన స్టేట్‌మెంట్ చదవండి. "తేడా నిజమే, ఇకపై జరగదు" అని ఉందా? ఉంటే రిట్ సగం బలహీనపడినట్టే. వాస్తవాలు ఒప్పుకున్న చోట నోటీసు లోపం వల్ల నీకేం నష్టం జరిగిందని కోర్టు అడుగుతుంది. భయంతో పెట్టిన సంతకమైతే మర్నాడో ఆ మర్నాడో రాతపూర్వకంగా కాదని చెప్పి ఉండాల్సింది. నెలల తర్వాత అఫిడవిట్‌లో మొదటిసారి చెబితే ఎవరూ నమ్మరు.

ఫైలు కావాలంటే సమాచార హక్కు కింద ఆర్డీఓ ఆఫీసులోనే అడగండి. మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలు, పైస్థాయికి 10. జవాబుకు 30 రోజుల గడువు. "రద్దు ఉత్తర్వుకు సంబంధించిన కరెంట్ ఫైలు, నోట్ ఫైలు రెండూ, పేజీ నంబర్లతో" అని అడగండి. ఒట్టి "ఫైలు" అంటే నోట్ ఫైలు ఇవ్వరు. కరెంట్ ఫైలంటే వచ్చిన, పోయిన ఉత్తరాలు; నోట్ ఫైలంటే ఆఫీసు లోపలి రాతలు. అసలు సరుకంతా నోట్ ఫైల్లోనే ఉంటుంది: సెక్షన్ గుమాస్తా ఏం రాశాడు, పైనుంచి ఏ తేదీన ఏ మెమో వచ్చింది, సంజాయిషీ అందిన తేదీకీ ఉత్తర్వు డ్రాఫ్టు తేదీకీ మధ్య ఎన్ని రోజులు. కొన్ని ఫైళ్లలో సంజాయిషీ రాకముందే రద్దు డ్రాఫ్టు తయారై ఉంటుంది. అది దొరికితే వేరే వాదన అక్కర్లేదు.

ఉత్తర్వు అందిన కవరు పారేయొద్దు. గడువు లెక్క ఉత్తర్వు మీద ఉన్న తేదీ నుంచి కాదు, చేతికి అందిన తేదీ నుంచి.

పెన్నా గట్టు

చాలా వివరంగా చెప్పారు, ఇద్దరికీ ధన్యవాదాలు. స్టేట్‌మెంట్లో "తేడా వచ్చిన మాట వాస్తవం, కారణం తర్వాత చెప్పుకుంటాను" అని ఉంది. ఇది ఒప్పుకోలు కిందికి వస్తుందా? రిట్ గెలిస్తే దుకాణం వెంటనే తిరిగి వస్తుందా?

తరగతి గది

తేడాను ఒప్పుకున్నాడు, తప్పును ఒప్పుకోలేదు. "కారణం తర్వాత చెప్పుకుంటాను" అన్న మాటే మీ కేసును కాపాడుతోంది. కారణం చెప్పుకునే అవకాశమే కదా సహజ న్యాయమంటే. 2020లో సుధీర్ కుమార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దాని ప్రకారం నోటీసు లోపం ఒక్కటే చాలదు, దానివల్ల నష్టం జరగాలి. వాస్తవాలు వివాదంలో లేనప్పుడు ఆ నష్టం లేదనే అవకాశం ఎక్కువ. కాబట్టి మీరు స్టాకు తేడా మీద కాకుండా తక్కిన రెండు ఆరోపణల మీద, రిపోర్టు ఇవ్వకపోవడం మీద బరువు పెట్టండి. ఆ రెంటి విషయంలో డీలరు ఒక్క ముక్క కూడా ఒప్పుకోలేదు, ఆయన్ను అడగనే లేదు.

రెండో ప్రశ్నకు జవాబు కొంచెం నిరాశగానే ఉంటుంది. ఇట్లాంటి కేసుల్లో ఎక్కువగా వచ్చే తీర్పు: ఉత్తర్వు రద్దు, విషయం మళ్లీ ఆర్డీఓకి, కాగితాలన్నీ ఇచ్చి, విని, కారణాలతో కొత్త ఉత్తర్వు ఇవ్వాలి, ఇన్ని వారాల్లోగా. ఆలోగా దుకాణం ఎవరు నడపాలో తీర్పులో ఒక వాక్యం ఉండేలా మీ లాయరు వాదన చివర్లో అడగాలి. అడక్కపోతే కోర్టు రాయదు, ఆఫీసు తనకు తోచినట్టు అర్థం చేసుకుంటుంది. అప్పటికే శాశ్వత నియామకం జరిగి ఉంటే ఆ కొత్త డీలరును కూడా ప్రతివాదిగా చేర్చడం క్షేమం. ఇన్‌ఛార్జిగా తాత్కాలికంగా నడిపేవాళ్ల సంగతి వేరు.

ఎందుకిట్లా? కోర్టు చూసేది నిర్ణయాన్ని కాదు, నిర్ణయం జరిగిన దారిని. 29.35 క్వింటాళ్లు ఉన్నాయా, 32 ఉన్నాయా అని 226 కింద ఎవరూ తూచరు. ఏ ఆధారమూ లేకుండానో, బుద్ధి ఉన్నవాడెవడూ రాయలేని విధంగానో నిర్ధారణకు వచ్చినప్పుడే వాస్తవాల్లోకి చెయ్యి పెడతారు. అందుకే ఈ కేసును రెండుగా చీల్చుకోండి. గోనె సంచుల తగవు, మెషిన్ తగవు జేసీ దగ్గర చెప్పుకోదగ్గవి. నోటీసు తగవు, కారణాల తగవు, పైవారి ఆదేశం తగవు హైకోర్టులో చెప్పుకోదగ్గవి. మీ మాటల్ని బట్టి రెండో కుప్ప బరువు ఎక్కువ కనుక రిట్ సరే. ఆ ఆదేశాల మాట లేకుండా, ఆరోపణ ఒక్కటే ఉండి, ఉత్తర్వులో నాలుగు వాక్యాల కారణాలుంటే నేనైతే అప్పీలుకే పొమ్మంటాను.

రాష్ట్రం మనదే కాబట్టి రెండు పాత కేసులు గుర్తు చేస్తాను, పరీక్షలు రాసే వాళ్లకూ పనికొస్తాయి. 1958లో గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు. కృష్ణా జిల్లాలో బస్సు రూట్లను ఆర్టీసీకి ఇచ్చే పథకం మీద ప్రైవేటు ఆపరేటర్ల అభ్యంతరాలను రవాణా చూసే సెక్రటరీ విన్నారు, నిర్ణయం ముఖ్యమంత్రి ఇచ్చారు. విన్నది ఒకరు, తేల్చింది ఇంకొకరు అయితే ఆ వినడం ఒట్టి తంతు అన్నారు. పైగా పథకం తెచ్చిన శాఖ సెక్రటరీయే అభ్యంతరాలు వినడమేంటని కూడా పట్టుకున్నారు. మీ కేసులో విచారణ చేసింది తహసీల్దారు, ఉత్తర్వు ఇచ్చింది ఆర్డీఓ. కింది అధికారి విచారణ చేయడం దానంతట అదే తప్పు కాదు, ఆ రిపోర్టు డీలరు చేతికి ఇవ్వకపోవడం తప్పు.

రెండోది 1965 నాటి గద్దె వెంకటేశ్వరరావు కేసు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ధర్మాజీగూడెంలోనా, లింగపాలెంలోనా అనే తగవు. ప్రభుత్వ ఉత్తర్వు చెల్లదని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కానీ దాన్ని కొట్టేస్తే అంతకుముందున్న ఇంకో చెల్లని ఉత్తర్వు బతికొస్తుందని జోక్యం చేసుకోలేదు. రిట్ అనేది హక్కుగా దక్కేది కాదు, కోర్టు విచక్షణ. అందుకే అఫిడవిట్‌లో ఏదీ దాచొద్దు. పాత సస్పెన్షన్ ఒకటి ఉంటే దాన్ని మీరే చెప్పండి.

ఇదంతా మొదటినుంచీ ఉన్న వైభవం కూడా కాదు. 1950కి ముందు రిట్లు ఇచ్చే అధికారం కలకత్తా, మద్రాసు, బొంబాయి హైకోర్టులకే ఉండేది, అదీ ఆ నగరం పొలిమేర దాకా. గంజాం జిల్లాలో పర్లాకిమిడి జమీందారు శిస్తు తగవుతో రైతులు మద్రాసు హైకోర్టుకు పోతే, మీ ఊరు మద్రాసు పట్నం బయట ఉంది కనుక సెర్షియోరరీ రాదని 1943లో ప్రివీ కౌన్సిల్ (లండన్‌లోని అప్పటి చివరి అప్పీలు కోర్టు) తేల్చింది. నెల్లూరు రైతు కూడా అప్పుడు మద్రాసు రాజధాని(ప్రెసిడెన్సీ)లోనే ఉన్నాడు, మద్రాసు పట్నంలో కాదు. ఆయనదీ అదే గతి. 226 వచ్చాకే పల్లె మనిషికి ఈ తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత కూడా, "ఇది పాలనా చర్య, న్యాయ విచారణ లాంటిది కాదు, కాబట్టి వినక్కర్లేదు" అనే సాకు ఇరవై ఏళ్లు నడిచింది. ఇంగ్లండులో 1963లో రిడ్జ్ కేసు, మన దగ్గర 1969లో క్రైపాక్ కేసు ఆ గీతను చెరిపాయి. క్రైపాక్‌లో అటవీ ఉద్యోగాలకు అభ్యర్థిగా ఉన్న అధికారే ఎంపిక బోర్డులో కూర్చున్నాడు. తన పేరు వచ్చినప్పుడు లేచి వెళ్లాడు, తక్కినవారి పేర్లు వచ్చినప్పుడు కూర్చున్నాడు! రేషన్ దుకాణం రద్దుకు ముందు సంజాయిషీ అడగాలనే ఇప్పటి మామూలు విషయం అక్కడినుంచి నడిచొచ్చింది.

చీమకుర్తి రాయి

ఇవే సూత్రాలు క్వారీ డిమాండ్ నోటీసులకూ వర్తిస్తాయా? కొలతల తేడా చూపి సీనరేజీ (తవ్విన రాయికి కట్టే రుసుము), పైన జరిమానా వేస్తుంటారు.

ఒంగోలు బార్

వర్తిస్తాయి. కొలత తప్పు అనేది వాస్తవాల తగవు, అది అప్పీల్లో లేదా రివిజన్లో తేల్చుకోవాలి. సర్వే మీ సమక్షంలో చేయలేదు, సర్వే రిపోర్టు ఇవ్వలేదు, నోటీసులోనే తప్పు రుజువైందన్నట్టు రాసి "ఎందుకు కట్టవో చెప్పు" అన్నారు, ఇవి రిట్ పాయింట్లు. మూడో దానికి 2010 నాటి ఓరిక్స్ ఫిషరీస్ కేసు చూడండి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతిదారుకు ఎంపెడా (ఆ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ఇచ్చిన నోటీసు ముందే తీర్పు చెప్పేసినట్టు ఉందని సుప్రీంకోర్టు కొట్టేసింది. నోటీసు మనసు తెరిచి ఉండాలి.

పెన్నా గట్టు గారికి ఇంకో మాట. కౌంటర్ వచ్చాక అందులో కొత్త కారణాలు కనిపిస్తాయి, ఉత్తర్వులో లేనివి. కంగారు పడొద్దు. ఉత్తర్వు దానిలో రాసిన కారణాల మీదే నిలబడాలి, అఫిడవిట్‌తో అతుకులు వేయకూడదని 1977లో మొహిందర్ సింగ్ గిల్ తీర్పు. ఉత్తర్వులు పాతబడేకొద్దీ రుచి పెరిగే ద్రాక్షసారా కావని జస్టిస్ కృష్ణయ్యర్ అన్నారు. మన ఇళ్లల్లో అయితే ఆవకాయ కాదు, ఊరేకొద్దీ బాగుండటానికి. కౌంటర్‌కు రిప్లై వేసేటప్పుడు ఆ కొత్త కారణాలకు జవాబు చెప్పడం మొదలుపెట్టకండి. చెబితే వాటిని మీరే కేసులోకి పిలిచినట్టు. "ఇది ఉత్తర్వులో లేదు" అని పేరా నంబరుతో సహా రాసి ఆపండి.

స్టే వచ్చాక వాళ్లు వెకేట్ పిటిషన్ (స్టే ఎత్తేయమని) వేస్తారు. వాళ్లకు నోటీసూ, కాగితాలూ ఇవ్వకుండా వచ్చిన స్టే అయితే 226(3) ప్రకారం దాన్ని రెండు వారాల్లో తేల్చాలి. కాబట్టి స్టే వచ్చిన రోజే రిప్లై మెటీరియల్ సిద్ధం చేసుకోండి. సింగిల్ జడ్జి దగ్గర ఓడిపోతే డివిజన్ బెంచికి రిట్ అప్పీలు, గడువు 30 రోజులు. సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ తీర్పు వచ్చిన రోజే పడేయండి, కాపీ తయారవడానికి పట్టిన రోజులు గడువులోంచి తీసేస్తారు. అప్లై చేయకుండా గడిచిన రోజులు తీసేయరు.

పెన్నా గట్టు

సమాచార హక్కు దరఖాస్తు కరెంట్ ఫైలు, నోట్ ఫైలు అని విడివిడిగా రాసి సోమవారం వేయిస్తున్నా. 30 రోజులూ ఆగి రిట్ వేయాలా, ముందే వేయొచ్చా?

పాత దఫ్తరం

ఆగొద్దు. ఉత్తర్వు, నోటీసు, సంజాయిషీ, పంచనామా మీ చేతిలోనే ఉన్నాయి, రిట్‌కు అవి చాలు. ఫైలు వచ్చాక అదనపు కాగితాలుగా వేసుకోవచ్చు. ఈలోపు దుకాణానికి కొత్త డీలరు నోటిఫికేషన్ పడిందేమో మాత్రం ఆర్డీఓ ఆఫీసు నోటీసు బోర్డు వారానికోసారి చూస్తుండండి.